నొప్పి లేకుండా మూసుకుపోయే దారి: మూత్రాశయం తీసేశాక యురేటర్ స్ట్రిక్చర్

మా నాన్నకు మూత్రాశయం తీసేసి ఏడాది కావస్తుండగా, ఒకరోజు రాత్రి ఆయన రిపోర్టులన్నీ మంచం మీద తేదీల వారీగా పరిచాను. మూడు అల్ట్రాసౌండ్ స్కాన్లు, మూడు రక్తపరీక్షలు. మొదటి స్కాన్‌లో రెండు కిడ్నీలూ కొద్దిగా ఉబ్బి ఉన్నాయని రాశారు. రెండోదాంట్లో కుడివైపు వాపు తగ్గింది, ఎడమవైపు అలాగే ఉంది. మూడోదాంట్లో ఎడమ కిడ్నీ పక్కన ‘మోడరేట్’ అన్న మాట వచ్చి చేరింది. కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.0, తర్వాత 1.2, ఆ తర్వాత 1.6. విడివిడిగా చూస్తే ఏ కాగితమూ పెద్దగా భయపెట్టదు. స్కానింగ్ సెంటర్‌లో పాత రిపోర్టు ఉందా అని ఎవరూ అడగలేదు, మాకూ చూపించాలని తోచలేదు. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం నెలల తరబడి ఒక దారి మూసుకుపోతూ వస్తోందని నాలాంటి దానికి కూడా అర్థమైపోయింది.

అన్ని నెలల్లో నాన్నకు ఒక్కరోజు కూడా నడుము నొప్పి రాలేదు. బాగా తిన్నారు, పొలం దాకా నడిచి వెళ్లొచ్చారు. ఈ సమస్యలో నాకు అన్నిటికంటే భయంకరంగా అనిపించేది అదే. కిడ్నీలో రాయి అడ్డం పడితే మనిషి మెలికలు తిరిగిపోతాడు. ఈ స్ట్రిక్చర్, అంటే కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం ఇరుకైపోవడం, అలా కాదు, కొద్దికొద్దిగా బిగుస్తుంది. కిడ్నీ కూడా కొద్దికొద్దిగా సాగుతూ సర్దుకుంటుంది. మనిషికి ఏమీ తెలియదు.

అసలు ఆపరేషన్‌లో ఏం చేస్తారో తెలిస్తే తప్ప ఇది అర్థం కాదు. మూత్రాశయ క్యాన్సర్ కండరం పొరలోకి దిగితే మూత్రాశయాన్ని మొత్తంగా తీసేయడం ముఖ్యమైన చికిత్స. మగవాళ్లకు దాంతోపాటు ప్రోస్టేట్ కూడా తీస్తారు. ఆడవాళ్లకు చాలాసార్లు గర్భసంచి కూడా పోతుంది. మూత్రాశయం పోయినా కిడ్నీలు రోజుకు లీటరు, లీటరున్నర మూత్రం తయారుచేస్తూనే ఉంటాయి. దానికి కొత్త దారి కావాలి. ఆ దారిని మన పేగుతోనే కడతారు.

ఎక్కువమందికి చేసేది ఇలియల్ కాండ్యూట్. చిన్నపేగు చివరి భాగంలోంచి 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కను, దానికొచ్చే రక్తనాళాలు తెగకుండా, పక్కకు వేరుచేస్తారు. మిగతా పేగును మళ్లీ కలిపి కుట్టేస్తారు, తిండి దారి మామూలుగా నడుస్తుంది. విడదీసిన ముక్కకు ఒక చివర మూసేసి, రెండో చివరను బొడ్డుకు కుడిపక్కన పొట్ట మీదికి తెచ్చి కుడతారు. ఎర్రగా, తడిగా, చిన్న మొగ్గలా కనిపించే దాన్నే స్టోమా అంటారు. దాని మీద బ్యాగు అంటిస్తారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో యూజీన్ బ్రికర్ అనే సర్జన్ 1950లో ఈ పద్ధతిని ప్రచురించారు. డెబ్బై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఎక్కువగా నడుస్తున్నది అదే. రెండో రకం నియోబ్లాడర్. ఇంకా పొడవైన పేగు ముక్కను, దాదాపు అర మీటరు, చీల్చి మడిచి సంచిలా కుట్టి పాత మూత్రాశయం ఉన్నచోటే పెడతారు. అప్పుడు బయట బ్యాగు ఉండదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా రెండు అతుకులు తప్పవు. కిడ్నీ నుంచి దిగే గొట్టాలను యురేటర్లు అంటారు. కుడిది ఒకటి, ఎడమది ఒకటి. ఆ రెండింటినీ తెచ్చి పేగుకు కుట్టాలి. కొందరు సర్జన్లు రెండింటినీ పేగు పక్కన వేర్వేరుగా కుడతారు, దీన్ని బ్రికర్ అతుకు అంటారు. కొందరు రెండింటినీ మొదట ఒకదానికొకటి కలిపి, ఆ జంటను పేగు చివరకు కుడతారు, అది వాలెస్ అతుకు. ఏది చేసినా స్ట్రిక్చర్ వచ్చే అవకాశంలో పెద్ద తేడా కనిపించలేదు. కాకపోతే వాలెస్‌లో అతుకు చెడితే రెండు వైపులా ఒకేసారి చెడే ప్రమాదం ఉంది. యురేటర్ లోపలి దారి మూడు నాలుగు మిల్లీమీటర్లే. అంత సన్నని గొట్టం చుట్టూ వేసిన కుట్లు మానేటప్పుడు మచ్చ కట్టి ముడుచుకుపోతే, దారి సూది బెజ్జం అంతవుతుంది. దాన్నే స్ట్రిక్చర్ అంటున్నాం.

అలా ఎందుకు ముడుచుకుపోతుంది? ప్రధాన కారణం రక్తం చాలకపోవడం. యురేటర్‌కు తనకంటూ ఒక పెద్ద రక్తనాళం లేదు. దారి పొడవునా అక్కడక్కడా చిన్న కొమ్మలు వచ్చి దాని పైపొరలో వలలా అల్లుకుంటాయి. మూత్రాశయం దగ్గర కోసినప్పుడు కింద నుంచి వచ్చే కొమ్మలన్నీ పోతాయి. ఇక చివరి భాగం పైనుంచి జారి వచ్చే కొంచెం రక్తం మీదే బతకాలి. డాక్టరు ఇది చెబుతుంటే నాన్న వెంటనే, “చివరి ఆయకట్టు అన్నమాట, కాలువ ఎంత పారినా మా చేలకు వచ్చేసరికి నీళ్లుండవు” అన్నారు. డెల్టాలో కాలువ చివరి భూమి చేసిన మనిషికి అంతకంటే వివరం అక్కర్లేదు. డాక్టరు కూడా ఆ మాటే సరైనదని ఒప్పుకున్నారు. ఆపరేషన్‌లో యురేటర్ పైపొరను ఎక్కువగా ఒలిచినా, లాగి బిగువుగా కుట్టినా, ఆ కొంచెం రక్తం కూడా చివరిదాకా రాదు.

ఎడమవైపు ఎక్కువగా ఎందుకు వస్తుందన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. పేగు ముక్క కుడిపక్కన ఉంటుంది. ఎడమ యురేటర్‌ను అక్కడిదాకా తేవాలంటే పొడవుగా విడదీసి, పెద్దపేగు వెనక సొరంగంలా దారి చేసి, కుడివైపుకు దాటించాలి. ఎక్కువ విడదీస్తే ఎక్కువ కొమ్మలు పోతాయి. దాటే చోట మెలిక పడితే అదో ఇబ్బంది. కుట్ల దగ్గర మొదటి రోజుల్లో మూత్రం కారినా, గతంలో పొట్ట కింది భాగానికి రేడియేషన్ ఇచ్చి ఉన్నా, ఇన్ఫెక్షన్లు వచ్చినా ప్రమాదం పెరుగుతుంది. అరుదుగా, అతుకు దగ్గర క్యాన్సరే తిరిగి రావడం వల్ల కూడా దారి మూసుకుపోవచ్చు. అందుకే స్ట్రిక్చర్ అని తేలగానే అది ఉత్త మచ్చా, కాదా అన్నది సీటీ స్కాన్‌తో, మూత్రంలో కణాల పరీక్షతో, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి చూసి తేల్చుకోవాలి. ఆపరేషన్ అయి చాలా ఏళ్లు గడిచాక కొత్తగా వస్తే ఈ అనుమానం ఇంకా గట్టిగా పెట్టుకోవాలి.

ఎంతమందికి వస్తుంది? చాలా ఆసుపత్రుల లెక్కల్లో నూటికి 3 నుంచి 10 మంది దాకా ఉంటారు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే బయటపడతాయి. కానీ ఐదేళ్లకు, పదేళ్లకు కూడా వచ్చినవి ఉన్నాయి కాబట్టి రెండేళ్లు దాటాయి కదా అని స్కాన్లు మానేయకూడదు.

ఇప్పుడు క్రియాటినిన్ సంగతి. మన ఇళ్లలో కిడ్నీ అంటే క్రియాటినిన్ ఒక్కటే చూస్తారు. నార్మల్ వచ్చిందంటే ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఒక కిడ్నీ దానం చేసిన మనిషికి కూడా కొన్నాళ్లకు క్రియాటినిన్ దాదాపు మామూలుగానే ఉంటుందని గుర్తుచేసుకోండి. ఒకవైపు మూసుకుపోతున్నా రెండో కిడ్నీ ఆ పని నెత్తిన వేసుకుంటుంది, అంకె పెద్దగా కదలదు. అది కదిలేనాటికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉండవచ్చు. దానికి తోడు, పేగు మూత్రంలోని కొన్ని పదార్థాలను తిరిగి పీల్చుకుంటుంది కాబట్టి ఈ ఆపరేషన్ అయినవాళ్ల రక్తపరీక్షల్లో కొద్ది తేడాలు ఎప్పుడూ ఉంటాయి. రక్తంలో ఆమ్లం పెరిగి నీరసంగా ఉండటం, దానికి సోడియం బైకార్బొనేట్ మాత్రలు వాడటం మామూలే. అందుకని స్కాన్ లేకుండా రక్తపరీక్ష ఒక్కదానితో సరిపెట్టుకోవడం తప్పు అని నేను గట్టిగా అంటాను. దారి పూర్తిగా మూసుకుపోతే కొన్ని వారాల్లోనే కిడ్నీకి తిరిగిరాని దెబ్బ తగులుతుంది. సగం మూసుకుపోతే నెలలు పడుతుంది. ఆ నెలలే మన చేతిలో ఉన్న సమయం.

అయితే స్కాన్‌లో వాపు కనిపించిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. చాలామంది తికమక పడేది ఇక్కడే. ఈ అతుకుల్లో చాలా వాటికి వెనక్కి పోకుండా ఆపే కవాటం ఉండదు. పేగులోని మూత్రం కొంత తిరిగి పైకి, కిడ్నీ దాకా పోతుంటుంది. అందువల్ల ఏ అడ్డూ లేకపోయినా కిడ్నీ కొద్దిగా ఉబ్బి కనిపించవచ్చు. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో కుట్ల దగ్గర వాపు వల్ల రెండువైపులా కొంచెం ఉబ్బి, తర్వాత తగ్గిపోవడం కూడా మామూలే. ఉన్న వాపు ఉన్నట్టే ఉంటే ఒక లెక్క, పెరుగుతూ పోతే ఇంకో లెక్క. ఒకవైపే పెరుగుతుంటే మరీ అనుమానించాలి. ఈ తేడా ఒక్క రిపోర్టులో కనిపించదు, వరసలోనే కనిపిస్తుంది. నాన్న మూడు కాగితాలూ మాకు చెప్పింది అదే.

వెనక్కి పోవడం వల్ల వచ్చిన వాపా, దారి మూసుకుపోవడం వల్ల వచ్చిందా తేల్చడానికి రెండు మంచి పరీక్షలున్నాయి. మొదటిది లూపోగ్రామ్. స్టోమాలోకి సన్నని గొట్టం పెట్టి, ఎక్స్‌రేలో కనిపించే మందును మెల్లగా ఎక్కిస్తారు. దారులు తెరిచి ఉంటే మందు రెండు యురేటర్లలోకీ ఎగబాకి కిడ్నీల దాకా పోతుంది. ఒకవైపు ఎక్కి రెండోవైపు అతుకు దగ్గరే ఆగిపోతే అక్కడ ఏదో ఉందన్నమాట. మామూలు మనిషికి మూత్రం వెనక్కి పోవడం జబ్బు. కాండ్యూట్ ఉన్నవాళ్లకు మందు వెనక్కి పోతేనే మంచి సంకేతం. నాన్నకు కుడివైపు మందు రెండు సెకన్లలో పైకి వెళ్లిపోయింది. తెర మీద తెల్లటి గీత చెట్టుకొమ్మల్లా విచ్చుకుంది. ఎడమవైపు పేగు అంచు దగ్గర చిన్న మొనలా కనిపించి, అక్కడే ఆగిపోయింది.

రెండోది రీనోగ్రామ్. కొద్దిపాటి రేడియోధార్మిక మందును రక్తనాళంలోకి ఇచ్చి, ఒక్కో కిడ్నీ దాన్ని ఎంత పట్టుకుంది, ఎంత వేగంగా కిందికి వదిలింది అని కెమెరాతో చూస్తారు. మన దగ్గర డీటీపీఏ, ఈసీ అని ఆ మందు పేర్లు రిపోర్టుల్లో కనిపిస్తాయి. మధ్యలో లాసిక్స్ ఇంజెక్షన్ ఇస్తారు, మూత్రం జోరుగా వచ్చేందుకు. ఉన్న మందులో సగం ఖాళీ కావడానికి 10 నిమిషాల లోపు పడితే దారి బాగున్నట్టు, 20 నిమిషాలు దాటితే అడ్డం ఉన్నట్టు లెక్క. మధ్యలో ఉంటే ఇంకా చూడాలి. ఈ పరీక్షకు వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బ్యాగు నిండి ఉంటే, నియోబ్లాడర్ ఖాళీ చేయకుండా ఉంటే, కింద ఒత్తిడి వల్ల పైన కూడా మూత్రం ఆగి, లేని అడ్డం ఉన్నట్టు చూపిస్తుంది. బ్యాగు ఖాళీ చేసి, నియోబ్లాడర్ అయితే గొట్టం పెట్టి వదిలేసి చేయాలి. ఇది టెక్నీషియన్‌కు మీరే ముందుగా చెప్పండి. ఏ కిడ్నీ ఎంత శాతం పని చేస్తోందన్నది కూడా ఇందులోనే తెలుస్తుంది. తర్వాత తీసుకునే నిర్ణయాలన్నీ ఆ శాతం మీదే ఆధారపడతాయి. నాన్న ఎడమ కిడ్నీ వాటా 29 శాతం.

ఈ పరీక్షల నడుమే ఒకరోజు తెల్లవారుజామున ఆయనకు చలి జ్వరం పట్టింది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: మూత్రం దారి మళ్లించిన మనిషికి, కిడ్నీ వాపు ఉందని తెలిసిన మనిషికి, చలితో జ్వరం వస్తే అది పారాసిటమాల్ వేసుకుని చూద్దాం అనుకునే జ్వరం కాదు. ఆగిన మూత్రంలో చీము పడితే గంటల్లో రక్తానికి ఎక్కుతుంది. యాంటీబయాటిక్స్ మాత్రమే చాలవు, ఆ ఆగిన మూత్రాన్ని బయటికి తీయాలి. రాత్రయినా, పండగయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మూత్రాన్ని బయటికి తీసే పద్ధతి పీసీఎన్ (పెర్క్యుటేనియస్ నెఫ్రోస్టమీ). వీపు వైపు నుంచి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, సూదితో నేరుగా కిడ్నీలోకి వెళ్లి సన్నని గొట్టం పెడతారు. మత్తు అక్కడ మాత్రమే ఇస్తారు. వాచిన కిడ్నీలోకి ఇలా గొట్టం పెట్టి తీసే పద్ధతిని విలార్డ్ గుడ్‌విన్, ఆయన సహచరులు 1955లో వివరించారు. నాన్నను బోర్లా పడుకోబెట్టాలి, కానీ పొట్ట మీద స్టోమా ఉంది. నర్సమ్మ ఒక దుప్పటిని చుట్టగా చుట్టి రింగులా పెట్టి, స్టోమా ఆ రింగు మధ్యలో పడేలా ఆయన్ను మెల్లగా తిప్పింది. గొట్టం పెట్టగానే బయటికి వచ్చింది మూత్రంలా లేదు, కుడితి నీళ్లలా ఉంది. సాయంత్రానికి వణుకు తగ్గింది. మూడోరోజుకు లేత పసుపు రంగుకు వచ్చింది. అప్పటినుంచి రోజూ రెండు బ్యాగుల లెక్క రాశాం: స్టోమా బ్యాగులో ఇంత, వీపు బ్యాగులో ఇంత. వీపు బ్యాగులో రోజుకు ఆరేడు వందల మిల్లీలీటర్లు వస్తుంటే ఎడమ కిడ్నీ ఇంకా పని చేస్తోందన్న ధైర్యం మాకు అక్కడే దొరికింది.

పీసీఎన్‌తో ఉన్నన్నాళ్లూ అన్నిటికంటే పెద్ద టెన్షన్ గొట్టం ఊడిపోతుందేమోనని. పడుకుని పక్కకు తిరిగినా, బ్యాగు మంచం కోడుకు తగులుకున్నా లాగేస్తుంది. మేము గొట్టాన్ని నడుము మీద ఒక మెలిక తిప్పి రెండోచోట కూడా ప్లాస్టర్ అంటించేవాళ్లం. ఎక్కడైనా లాగినా ఆ మెలిక దగ్గరే ఆగుతుంది, కిడ్నీదాకా పోదు. ఇది ఏ కాగితం మీదా రాసివ్వలేదు, వార్డులో పక్క బెడ్ వాళ్లు నేర్పారు.

జ్వరం తగ్గాక అసలు ప్రశ్న వచ్చింది. ఈ మూసుకుపోయిన దారిని ఏం చేయాలి? పీసీఎన్ గొట్టంలోంచి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే అడ్డం ఎక్కడుంది, ఎంత పొడవుంది అన్నది స్పష్టంగా తెలుస్తుంది. నాన్నకు దాదాపు రెండు సెంటీమీటర్లు.

మామూలు మనుషులకైతే కింద నుంచి మూత్రాశయంలోకి చూసి యురేటర్ నోరు పట్టుకుని స్టెంట్, అంటే దారి తెరిచి ఉంచే సన్నని గొట్టం, లోపల పెట్టేస్తారు. ఇక్కడ మూత్రాశయమే లేదు. పేగు లోపలి ముడతల్లో, జిగురులో, ఆ చిన్న నోరు వెతకడం చాలా కష్టం. అందుకే ఎక్కువగా పైనుంచి, అంటే పీసీఎన్ దారి గుండానే పని మొదలుపెడతారు. సన్నని తీగను కిడ్నీ నుంచి కిందికి, ఇరుకు గుండా పేగులోకి దించగలిగితే సగం పని అయినట్టే. దాని మీదుగా బెలూన్ పంపి ఇరుకును సాగదీయొచ్చు, లేదా చిన్న కెమెరాతో వెళ్లి లేజర్‌తో మచ్చను నిలువుగా కోయొచ్చు. తర్వాత కొన్ని వారాలు స్టెంట్ ఉంచి తీసేస్తారు. పొట్ట కోయరు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు.

వినడానికి ఎంతో బాగుంటుంది. మేమూ మొదట దానికే మొగ్గాం. కానీ ఫలితాల విషయంలో నిజం చేదుగానే ఉంది. ఉత్త బెలూన్‌తో సాగదీసినవి చాలా వరకు మళ్లీ బిగుసుకుంటాయి. మచ్చ రబ్బరులా సాగి మళ్లీ వెనక్కి వస్తుంది, ఎందుకంటే రక్తం చాలకపోవడం అనే అసలు కారణం అలాగే ఉంది. లేజర్‌తో కోసినవి అంతకంటే మెరుగు, అయినా సగం అటూ ఇటూగా నిలుస్తాయి. పొట్ట తెరిచి, చెడిన ముక్కను పూర్తిగా కోసేసి, రక్తం బాగా ఆడుతున్న చోటు నుంచి కొత్తగా కుట్టినవి పదింటిలో ఎనిమిది, తొమ్మిది నిలుస్తాయి. ఇంత తేడా ఉంది. అయితే ఆ ఆపరేషన్ తేలిక కాదు. ఒకసారి ఆపరేషన్ అయిన పొట్టలో పేగులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. రేడియేషన్ అయిన మనిషైతే మరీ కష్టం. పేగుకు, పెద్ద రక్తనాళాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. కోలుకోవడానికి వారాలు పడుతుంది.

ఇక్కడ అందరికీ ఒకే జవాబు లేదు. ఇరుకు ఒక సెంటీమీటరు లోపే ఉండి, కుడివైపు ఉండి, కిడ్నీ బాగా పని చేస్తుంటే లేజర్ ఒకసారి ప్రయత్నించడంలో తప్పులేదని నా అభిప్రాయం. ఎడమవైపు ఉంటే, పొడవుగా ఉంటే అంత ఆశ పెట్టుకోవద్దు. ఎడమవైపు లేజర్‌తో కోసేటప్పుడు పెద్దపేగుకు వెళ్లే రక్తనాళాలు పక్కనే ఉంటాయి కాబట్టి లోతుగా కోయడానికి డాక్టర్లు భయపడతారు, లోతుగా కోయకపోతే మళ్లీ మూసుకుంటుంది. ఒకసారి బెలూన్ చేసి, మళ్లీ బిగిసి, మళ్లీ చేసి, ఇలా రెండు మూడుసార్లు తిరిగే కుటుంబాలను వార్డులో చూశాను. ప్రతిసారీ కిడ్నీ వాటా నాలుగైదు శాతం తగ్గుతూ వచ్చింది వాళ్లకు. ఒకసారి విఫలమైతే రెండోసారి అదే చేయించే ముందు, “ఈసారి నిలుస్తుందని ఎందుకు అనుకుంటున్నారు సార్?” అని అడగండి. అడిగితే డాక్టరు కోప్పడతారేమోనని సంకోచించకండి, మంచి డాక్టరు ఆ ప్రశ్నకు కూర్చుని జవాబు చెబుతారు.

చెడిన భాగం చాలా పొడవైతే, ఉన్న యురేటర్ పేగుదాకా అందదు. అప్పుడు ఇంకో చిన్నపేగు ముక్కను తెచ్చి మధ్యలో గొట్టంలా కలుపుతారు. అనుభవం ఉన్నచోట ఇదే పని రోబోతో కూడా చేస్తున్నారు. ఏ పద్ధతిలో చేసినా, కోసిన చివర నుంచి తాజా రక్తం వస్తోందా అన్నదే సర్జన్ చూసుకోవలసిన విషయం. దానికి ఇప్పుడు ఒక మంచి సాయం ఉంది. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును రక్తనాళంలోకి ఇచ్చి ప్రత్యేకమైన కెమెరాతో చూస్తే రక్తం ఆడే భాగం ఆకుపచ్చగా మెరుస్తుంది, ఆడని భాగం చీకటిగా ఉండిపోతుంది. ఆ చీకటి భాగాన్ని కోసేసి మెరిసే చోట కుడతారు. మూత్రాశయం తీసే మొదటి ఆపరేషన్‌లోనే ఇలా చూసుకున్నచోట స్ట్రిక్చర్లు తగ్గాయని చెబుతున్నారు. ఇంకా ఆపరేషన్ కాని వాళ్లు ఈ సౌకర్యం ఉందా అని ముందే అడగవచ్చు.

అందరూ పెద్ద ఆపరేషన్ తట్టుకోలేరు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, క్యాన్సర్ ఇంకోచోటికి పాకినవాళ్లు, ఎనభై దాటినవాళ్లు ఉంటారు. వాళ్లకు స్టెంట్‌తోనే బండి నడపడం సరైన దారి. కాండ్యూట్ ఉన్నవాళ్లకు స్టెంట్ కింది చివర స్టోమా గుండా బ్యాగులోకి వచ్చేలా పెడితే మార్చడం సులువు, తీగ మీదుగా పాతది లాగి కొత్తది పెట్టేస్తారు. పేగు జిగురు వల్ల, ఉప్పు పేరుకోవడం వల్ల ఇవి మామూలు స్టెంట్ల కంటే త్వరగా పూడిపోతాయి కాబట్టి దాదాపు మూడు నెలలకోసారి మార్చాలి. ఆ తేదీ మరచిపోతే వచ్చేది మళ్లీ చలి జ్వరమే. ఎక్కువ కాలం ఉండే లోహపు స్టెంట్లు కూడా ఉన్నాయి, ఖర్చు ఎక్కువ, అందరికీ నప్పవు. కిడ్నీ వాటా పది పదిహేను శాతం కంటే పడిపోయి, తరచూ చీము పడుతుంటే, రెండో కిడ్నీ బాగుంటే ఆ కిడ్నీని తీసేయడమే మేలు కావచ్చు. ఏ ఇబ్బందీ పెట్టకుండా ఎండిపోయిన కిడ్నీ అయితే కొన్నిసార్లు దాన్ని అలాగే వదిలేస్తారు. ఇవి చేతులెత్తేయడం కాదు, ఆ మనిషికి మిగిలిన రోజులు హాయిగా గడవడానికి తీసుకునే నిర్ణయాలు.

ఇంట్లో చూసుకునేవాళ్లకు ఇంకో రెండు విషయాలు. బ్యాగులోని మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపితే దాదాపు ఎప్పుడూ బ్యాక్టీరియా కనిపిస్తుంది. పేగు ముక్కలో బ్యాక్టీరియా ఉండటం సహజం. ఆ రిపోర్టు చూసి, జ్వరం లేకపోయినా, ఏ బాధా లేకపోయినా యాంటీబయాటిక్స్ మొదలుపెడితే, నిజంగా అవసరమైన రోజు అవి పని చేయకుండా పోతాయి. పరీక్ష నిజంగా కావాలంటే బ్యాగు తీసి, స్టోమా శుభ్రం చేసి, లోపలికి సన్నని గొట్టం పెట్టి తీసిన మూత్రమే పంపాలి. రెండోది, ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవడం. ఒక కిడ్నీ ఇబ్బందిలో ఉన్నప్పుడు రెండోదాన్ని కూడా దెబ్బతీసే పని అది. మా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదిమందు వేయించుకునే అలవాటు నాన్నకు ముప్పై ఏళ్లది. దాన్ని మాన్పించడానికి నేను ఆపరేషన్‌కు పడ్డంత కష్టం పడ్డాను.

నాన్నకు ఎడమవైపు, రెండు సెంటీమీటర్లు, వాటా 29 శాతం, గుండె బాగుంది. డాక్టరు రెండు దారులూ చెప్పి, “మీకు డెబ్బై దాటలేదు, నేనైతే తెరిచి చేయమనే అంటాను పెద్దాయనా” అన్నారు. నాన్న ఒక రాత్రి ఆలోచించారు. పొద్దున్నే, “అతుకు చెడిపోయిన తూముకి పైన మట్టి మెత్తితే ఎన్నాళ్లు నిలుస్తుందమ్మా, తవ్వి కొత్త తూరలు వేయించేద్దాం” అన్నారు. పీసీఎన్ పెట్టిన ఆరు వారాలకు ఆపరేషన్ అయింది. అతుక్కున్న పేగులు విడదీయడానికే రెండు గంటలు పట్టిందట. కోసిన ముక్కను నాకు చూపించారు: చిటికెన వేలి పై కణుపంత పొడవు, కొబ్బరి పీచులా గట్టిగా, తెల్లగా ఉంది. పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది.

స్టెంట్ తీసి మూడు నెలలయ్యాక చేసిన రీనోగ్రామ్‌లో ఎడమ కిడ్నీ వాటా 31 శాతం. సగం ఖాళీ కావడానికి 8 నిమిషాలు. పోయినదంతా తిరిగి రాదని ముందే చెప్పారు, ఉన్నది నిలబడింది. నాన్న ఇప్పుడు ధాన్యం బస్తాల లెక్కలు రాసుకునే పొడవాటి నోటు పుస్తకంలోనే, వెనక పేజీల్లో, తేదీ, క్రియాటినిన్, ఎడమ, కుడి అని నాలుగు గళ్లు గీసుకున్నారు. స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం, పాత రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకుంటారు. పోయిన వారం వెళ్లినప్పుడు, స్కాన్ చేసే డాక్టరమ్మ పాతది అడగకముందే తీసి టేబుల్ మీద పెట్టి, “ముందు ఇది చూసి తర్వాత నన్ను చూడండమ్మా” అన్నారట.